పాత సీడీలు, డీవీడీలు పారేసే ముందు లోపలి సమాచారం ఎవరికీ దొరక్కుండా చేయడం ఎలా

బీరువా పైఅరలోనో టీవీ స్టాండు సొరుగులోనో పాత సీడీల కట్ట లేని ఇల్లు అరుదు. అన్నీ సినిమాలూ పెళ్లి వీడియోలే అనుకుంటాం. ఒక్కొక్కటే తీసి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో తీయించిన ఎంఆర్‌ఐ, సీటీ స్కాన్‌ల సీడీలు ఉంటాయి. ఫొటో స్టూడియో ఇచ్చిన ఇంటిల్లిపాది ఫొటోలుంటాయి. ఇంటర్నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించి రాయించుకున్న ఆధార్, పదో తరగతి మెమో, పట్టాదారు పాసుపుస్తకం ఉంటాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, బాదేపల్లి మార్కెట్ అడ్తి దుకాణాల్లో అయితే మార్చి ముగియగానే అకౌంటెంటు రాసిపెట్టిన ట్యాలీ బ్యాకప్‌లు వరుసగా కనిపిస్తాయి.

ఇవన్నీ పాతబడ్డాయి, ఇంకెవరికి పనికొస్తాయిలే అనుకోవద్దు. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు మారాయి, చాలామందికి మండలం పేరు కూడా మారింది. కానీ ఆధార్ నంబరు మారలేదు, పుట్టిన తేదీ మారలేదు, సంతకం మారలేదు. మీ పేరు మీద ఇంకొకరు సిమ్ కార్డు తీసుకోవాలన్నా అప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా వాళ్లకు కావలసినవి ఇవే.

ముందు తెలియాల్సింది: సమాచారం ఏ వైపు ఉంటుంది?

చాలామంది సీడీని తిరగేసి మెరిసే వైపు మేకుతో నాలుగు గీతలు గీసి చెత్తబుట్టలో వేస్తారు. ఆ గీతలతో అయ్యేది చాలా తక్కువ. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కే. సమాచారం రాసిన పొర, దాని మీది పల్చటి వెండి రంగు లోహపు పొర, రెండూ పై వైపున ఉంటాయి. అంటే మనం పెన్నుతో పేరు రాసే వైపున, సన్నటి వార్నిష్ పూత కింద. మెరిసే వైపు గీసిన గీత ప్లాస్టిక్‌లోనే ఆగిపోతుంది. దాన్ని పాలిష్ చేస్తే డిస్కు మళ్లీ చదవడానికి వస్తుంది. పైగా సీడీలో తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు ముందే ఉంది. ట్రాక్ పొడవునా రెండున్నర మిల్లీమీటర్ల దాకా చెడిపోయినా డ్రైవ్ పూర్తి సమాచారాన్ని తిరిగి కూర్చుకోగలదు.

డీవీడీ సంగతి వేరు. అందులో 0.6 మిల్లీమీటర్ల బిళ్లలు రెండు ఒకదానికొకటి అతికి ఉంటాయి. సమాచారం ఆ రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి ఏ వైపు గీసినా లోపలికి చేరదు. బ్లూ-రే ఇంకో రకం. దానిలో సమాచారం చదివే వైపునే, పైనుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. అంటే సీడీకి పేరు వైపు గీకాలి, బ్లూ-రేకి మెరిసే వైపు గీకాలి, డీవీడీని విడదీయాలి.

ఏది ఏదో తెలియకపోతే మధ్య బొక్క చుట్టూ ఉన్న సన్నటి అక్షరాలు చూడండి. అక్కడ లేకుంటే అంచును వెలుతురుకు పెట్టి చూడండి. మందానికి సరిగ్గా మధ్యలో సన్నటి గీత కనిపిస్తే అది డీవీడీ. రంగు కూడా ఆధారమే. రాసుకునే సీడీ అడుగు ఆకుపచ్చగానో నీలంగానో బంగారు రంగులోనో ఉంటుంది. రాసుకునే డీవీడీ ఊదా రంగులో ఉంటుంది. మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు ముదురు బూడిద రంగులో ఉంటుంది. బజారులో కొన్న సినిమా డిస్కు అచ్చంగా వెండి రంగు.

ఇంకొకటి కూడా గమనించండి. రాసిన సీడీని ఎండలో కాస్త వంచి చూస్తే, మధ్య నుంచి బయటికి కొంతదూరం ఒక ఛాయ, ఆ తర్వాత ఇంకో ఛాయ కనిపిస్తాయి. ఆ రెండు ఛాయలు కలిసే చోటు దాకానే రాసి ఉందని అర్థం. డిస్కు ఎప్పుడూ లోపలి నుంచి బయటికి నిండుతుంది. 700 ఎంబీల సీడీ మీద ఆధార్, మెమోలు కలిపి 20 ఎంబీలు రాయిస్తే, అవన్నీ లోపలి వైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న వలయంలోనే ఉంటాయి. అందుకే అంచు విరిచినంత మాత్రాన, బయటి భాగం గీకినంత మాత్రాన ఆ కాగితాలకు ఏమీ కాదు. ఎప్పుడు మొదలుపెట్టినా లోపలి వలయం నుంచే మొదలుపెట్టండి.

నాశనం చేసే ముందు

ఒకసారి గీకాక వెనక్కి తెచ్చుకునే దారి లేదు. కాబట్టి డిస్కులన్నీ ముందు మూడు కుప్పలుగా వేరు చేయండి: కాపీ చేసుకోవాల్సినవి, నేరుగా నాశనం చేయాల్సినవి, సినిమాలు–సాఫ్ట్‌వేర్‌లు. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ ఉండటం లేదు. యూఎస్‌బీకి పెట్టే బయటి డ్రైవ్ ఒకటి కొనడమో తెలిసినవాళ్ల దగ్గర తెచ్చుకోవడమో చేయండి. ఈ పనికి డిస్కులు తీసుకెళ్లి ఏ దుకాణంలోనో ఇవ్వడం మాత్రం వద్దు. ఏవి దాచుకోవడానికి తిప్పలు పడుతున్నామో అవే వాళ్ల కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి.

స్కాన్ సీడీల విషయంలో తొందర పనికిరాదు. వెన్నెముక, మెదడు, కీళ్ల సమస్యలున్నవాళ్లకు డాక్టరు కొత్త స్కాన్‌ను పాతదానితో పోల్చి చూస్తారు. అందుకే ముందు కాపీ చేసుకోండి. బొమ్మలు మాత్రమే ఏరుకోకుండా డిస్కులో ఉన్నదంతా ఉన్నట్టుగా ఒక ఫోల్డర్‌లోకి తీసుకోండి. ఆ బొమ్మలు డైకామ్ అనే పద్ధతిలో ఉంటాయి. వాటిని తెరిచే ప్రోగ్రామ్ చాలాసార్లు అదే డిస్కులో ఉంటుంది. పేరు, వయసు, ఆసుపత్రి నంబరు ప్రతి బొమ్మ ఫైలు లోపలా రాసి ఉంటాయి, ఫైలు పేరు మార్చినా అవి పోవు. కాపీ అయ్యాక ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, బొమ్మలు కదులుతున్నాయో లేదో చూసుకున్నాకే డిస్కును పక్కన పెట్టండి. పెళ్లి డీవీడీలకూ ఇదే పద్ధతి. వీడియో టీఎస్ అనే ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసుకోవాలి.

వ్యాపారం లెక్కలుంటే ఇంకో జాగ్రత్త. జీఎస్టీ చట్టం ప్రకారం, ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఖాతాలు ఉంచాలి. అప్పీలో, విచారణో నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది ఉంచాలి. ఆదాయపు పన్ను లెక్కలు ఎంతకాలం ఉంచాలో మీ ఆడిటర్‌ను అడిగి తేల్చుకోండి. భూమి మీద కోర్టు కేసు నడుస్తుంటే దానికి సంబంధించిన ఏ డిస్కునూ ముట్టుకోవద్దు.

కావలసిన సామాను

రేకు కత్తెర ఒకటి కావాలి. రేకుల షెడ్లు వేసేవాళ్లు వాడేది, హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. ఇంట్లో బట్టల కత్తెర వాడితే దాని పదును పోతుంది, డిస్కు కూడా సరిగ్గా తెగకుండా పగిలిపోతుంది. 60 లేదా 80 నంబరు సాండ్ పేపర్ రెండు షీట్లు, వెడల్పాటి బ్రౌన్ టేపు, ఒక మేకు, కట్టర్ బ్లేడు, చెక్క పలక, పాత వార్తాపత్రికలు, కొంచెం స్పిరిట్, పాత గుడ్డ సిద్ధం చేసుకోండి. చేతులకు మందపాటి గ్లౌజులు, ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పవు. వెల్డింగ్ సామాను అమ్మే చోట తెల్ల కళ్లద్దాలు దొరుకుతాయి. పాలీకార్బొనేట్ చాలా దూరం వంగి వంగి ఒక్కసారిగా ఫట్‌మని విరుగుతుంది. అప్పుడు గాజు పెంకుల్లాంటి ముక్కలు ఏ వైపు ఎగురుతాయో చెప్పలేం. చేత్తో విరవడం ఎప్పుడూ వద్దు. పిల్లలు దగ్గర లేనప్పుడు, ఆరుబయట కూర్చుని చేయండి.

సీడీని ఇలా చేయండి

మొదట చెక్క పలక మీద వార్తాపత్రిక పరిచి, సీడీని పేరు వైపు పైకి వచ్చేలా పెట్టండి. మధ్యలోని పారదర్శక వలయం దాటగానే వెండి రంగు మొదలవుతుంది. అక్కడి నుంచి అంచు దాకా మేకుతో బలంగా గీతలు లాగండి. వేలెడు దూరానికి ఒక గీత చొప్పున చుట్టూ గీసి, తర్వాత అడ్డంగా కూడా కొన్ని గీయండి. గీత గట్టిగా పడిందో లేదో తెలియాలంటే డిస్కును వెలుతురుకు ఎత్తి చూడండి. పడితే ఆ చోట సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది.

రెండోది టేపు. బ్రౌన్ టేపును గీతల మీదుగా అతికించి, బొటనవేలి గోటితో గట్టిగా రుద్ది, ఒక చివర పట్టుకుని విసురుగా లాగండి. వెండి పొర టేపుతో పాటు రేకులు రేకులుగా లేచి వస్తుంది, కింద రంగు ప్లాస్టిక్ మిగులుతుంది. తక్కువ రకం సీడీలైతే ఒకటి రెండు లాగుడుల్లోనే బోసిపోతాయి. పైన తెల్లటి ప్రింటింగ్ పూత ఉన్నవి మాత్రం మొండికేస్తాయి. స్కాన్ సెంటర్ల సీడీలు ఎక్కువగా ఈ రకమే, ఎందుకంటే పేరు, నంబరు వాటి మీదే ప్రింటు చేస్తారు. వీటితో టేపుతో కుస్తీ పట్టకుండా నేరుగా సాండ్ పేపర్ తీసుకోండి.

సాండ్ పేపర్ మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. పొడి గీకుడుతో లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపితే అది కాగితం మీదే ముద్దగా ఆగుతుంది. లోపలి వలయం నుంచి మొదలుపెట్టి గుండ్రంగా కాకుండా అటూ ఇటూ అడ్డదిడ్డంగా రుద్దండి. ట్రాకులు గుండ్రంగా ఉంటాయి, వాటి వెంటే రుద్దితే మధ్య మధ్యలో కొన్ని అలాగే మిగిలిపోతాయి.

తర్వాత ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూడండి. వెండి మచ్చ ఒక్కటీ లేకుండా వెలుతురు అంతటా దూరి వస్తే ఆ పొర పోయినట్టే. అయినా ప్లాస్టిక్ మీద ఆకుపచ్చ, నీలం రంగు మిగిలి ఉంటుంది. సమాచారం రాసింది నిజానికి ఆ రంగు మీదే. అందుకే దాన్ని వదలకండి. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవండి, రంగు గుడ్డకు అంటుకుంటుంది. రానిచోట మళ్లీ సాండ్ పేపర్ పెట్టండి. స్పిరిట్ దగ్గర పొయ్యి, బీడీ, అగరబత్తి ఏవీ ఉండకూడదు.

చివరగా కోయడం. పెద్ద ప్లాస్టిక్ కవరు లోపల చేతులు పెట్టి, రేకు కత్తెరతో అంచు నుంచి మధ్యకు ఎనిమిది ముక్కలు చేయండి. కవరు లోపల కోస్తే ఎగిరిన పెచ్చులు అందులోనే పడతాయి. గీకకుండా కోయడం మాత్రమే చేస్తే సరిపోదా అంటే, మామూలు డ్రైవ్ ఆ ముక్కల్ని చదవలేదన్నది నిజం. కానీ ప్రతి ముక్క మీదా రాసింది రాసినట్టే ఉంటుంది. సినిమా పాటల సీడీకి అది చాలు. ఆధార్, స్కాన్ డిస్కులకు మాత్రం గీకడం మానొద్దు.

ఒక హెచ్చరిక. సగం పగిలిన డిస్కును "ఇంకా పనిచేస్తుందా" అని డ్రైవ్‌లో పెట్టి చూడొద్దు. వేగంగా తిరిగే డ్రైవ్‌లు నిమిషానికి పదివేల చుట్ల దాకా తిప్పుతాయి. నెర్రె బారిన డిస్కు లోపలే ముక్కలై డ్రైవ్‌ను పాడుచేస్తుంది.

డీవీడీ, బ్లూ-రే

డీవీడీకి టేపు, మేకు దండగ. నేరుగా రేకు కత్తెరతో ఎనిమిది ముక్కలు చేయండి. కోసేటప్పుడే కొన్ని ముక్కల అంచులు విచ్చుకుంటాయి. విచ్చుకోని వాటిని పలక మీద పెట్టి, మధ్య గీతలోకి కట్టర్ బ్లేడు మొన దూర్చి మెల్లగా తిప్పండి. బ్లేడు ఎప్పుడూ మీ చేతికి ఎదురుగా కాక అవతలి వైపుకే కదలాలి. రెండు పొరలూ పుస్తకం రేకుల్లా విడిపోతాయి. లోపలి ముఖాలు రెండింటినీ సాండ్ పేపర్‌తో రుద్దండి. మామూలు 4.7 జీబీ డిస్కులో రాత ఒక పొరకే ఉంటుంది, 8.5 జీబీ దానిలో రెండు పొరల రాత ఉంటుంది. ఏది ఏదో చూసుకోవడం కంటే రెండూ రుద్దేయడమే తేలిక.

బ్లూ-రే మన వైపు ఇళ్లలో తక్కువ. ఉంటే మెరిసే వైపు సాండ్ పేపర్ పెట్టండి. దానిమీద గట్టి పూత ఉంటుంది కనుక ఎక్కువసేపు పడుతుంది. తర్వాత ముక్కలు చేయండి.

ఆర్‌డబ్ల్యూ డిస్కులను ముందు కంప్యూటర్‌లో చెరపొచ్చు. కానీ "క్విక్" అన్నది ఎంచుకుంటే విషయసూచిక మాత్రమే పోతుంది, లోపలిది అలాగే ఉంటుంది. "ఫుల్ ఎరేజ్" పెట్టాలి. 4ఎక్స్ వేగంలో నిండు సీడీకి సుమారు 20 నిమిషాలు పడుతుంది. అలా చెరిపాక సాండ్ పేపర్, కత్తెర మామూలే. ఒకేసారి రాసుకునే సీడీ-ఆర్ మీద మాత్రం "డిలీట్" నొక్కడం ఎందుకూ పనికిరాదు. కనిపించకుండా పోతుందే తప్ప పాత రాత డిస్కు మీదే ఉంటుంది, దాన్ని వెలికితీసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతున్నాయి.

చేయకూడనివి

మైక్రోవేవ్‌లో పెట్టి చిటపటలాడించే వీడియోలు చూసి మీరూ మొదలుపెట్టొద్దు. లోహపు పొర నిప్పురవ్వలు కక్కుతుంది, విషపు పొగ వస్తుంది. వంటకు వాడే పెట్టె పాడవుతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. అంతా అయ్యాక కూడా పగుళ్ల మధ్య రాత మిగిలే ఉంటుంది.

చెత్తతో కలిపి కాల్చడం ఇంకా చెడ్డది. పాలీకార్బొనేట్ పొగ, కవరు బాక్సుల నల్లటి పొగ ఇంట్లోవాళ్లే పీలుస్తారు. పైపైన కాలిన డిస్కు లోపల బాగానే ఉండొచ్చు కూడా. డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు వేయడమూ అంతే, రంధ్రాల మధ్య డిస్కంతా మిగిలిపోతుంది.

ముక్కలను పెంటకుప్ప మీద వేయడం అన్నిటికంటే ప్రమాదం. అవి ఎరువుతో పాటు పొలానికి చేరతాయి. బురదలో కనిపించవు, కుళ్లవు, నాటు వేసే ఆడవాళ్ల అరికాళ్లలో దిగుతాయి. మేతలో కలిస్తే పశువు నోట్లోకి పోతాయి.

ముక్కలు ఎక్కడ వేయాలి?

టేపు, తడి ముద్ద, పెచ్చులు అన్నీ వార్తాపత్రికలో చుట్టి టేపు వేయండి. కోసిన ముక్కలను వేరే మందపాటి కవరులోనో పాత పాల డబ్బాలోనో వేసి మూత బిగించండి. పట్నంలో అయితే పొడి చెత్తగా మున్సిపాలిటీ ఆటోకు, పల్లెలో పంచాయతీ చెత్త ట్రాక్టరుకు ఇవ్వండి. లోపల పదునైనవి ఉన్నాయని నోటితో చెప్పండి, వాళ్లు చేతులతోనే ఏరుతారు. ముఖ్యమైన డిస్కుల ముక్కలను ఒకేరోజు ఒకే సంచిలో కాకుండా రెండు మూడు వారాలు విడదీసి వేయడం మంచిది. పని చేసిన చోట తడి గుడ్డతో తుడవండి. చీపురుతో ఊడిస్తే సన్నటి పెచ్చులు పగుళ్లలో ఉండిపోతాయి.

కవర్లను మరిచిపోవద్దు. బాక్సు లోపలి కాగితం మీద, కవరు మీద పెన్నుతో రాసిన పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి స్టిక్కరు చింపి నీళ్లలో నానబెట్టి పిసికేయండి.

చేనుకు కట్టే సీడీలు

పాలమూరు జొన్నచేలలో పిట్టలు వాలకుండా తీగకు పాత సీడీలు వేలాడదీయడం మామూలే. కొందరు బండి వెనక, సైకిల్‌కు కూడా కడతారు. అలవాటు మంచిదే, కానీ కట్టేది ఏ సీడీ అన్నది చూసుకోవాలి. దారంతో వేలాడే సీడీని దారిన పోయేవాళ్లు ఎవరైనా తెంపుకుపోవచ్చు. ఎండకు రంగు పొర కొంత చెడుతుందన్న మాట నిజమే గానీ ఎంతకాలానికి, ఎంత చెడుతుందో నమ్మలేం. గీకిన సీడీ మెరవదు కాబట్టి పిట్టలకు పనికిరాదు. అందుకే మొదట్లో విడిగా పెట్టిన మూడో కుప్పలోని సినిమా, సాఫ్ట్‌వేర్ డిస్కులే చేనుకు కట్టండి. వాటిలో మీ సమాచారం ఏదీ ఉండదు, వెండి మెరుపు కూడా ఎక్కువ. పంట కోశాక లెక్కపెట్టి విప్పుకోండి, గాలికి పగిలిన ముక్కలు చేలో ఉంటే ఏరేయండి.

దుకాణాలు, క్లినిక్కులు

ఫొటో స్టూడియో, ఇంటర్నెట్ సెంటర్, స్కాన్ సెంటర్ నడిపేవాళ్ల దగ్గర ఉన్నవి సొంత డిస్కులు కావు, వచ్చినవాళ్ల బతుకులు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, అవసరం తీరాక, ఉంచాలని ఇంకే చట్టమూ చెప్పకపోతే, సమాచారాన్ని చెరిపేయాలన్న బాధ్యతను పెట్టింది. డిస్కు నాశనం చేసినా దాన్ని రాసిన కంప్యూటర్‌లో కాపీ మిగిలి ఉంటుంది. డెస్క్‌టాప్ ఫోల్డర్లు, రీసైకిల్ బిన్, బ్యాకప్ హార్డ్ డిస్కు కూడా చూసి చెరపండి.

వందల డిస్కులుంటే చేత్తో కుదరదు. డిస్కులకు విడిగా దూర్చే గంటు ఉన్న క్రాస్-కట్ ష్రెడర్ (నిలువుగా, అడ్డంగా కోసి చిన్న ముక్కలు చేసే యంత్రం) కొనండి. కొనేముందు ముక్క ఎంత పరిమాణంలో వస్తుందో అడగండి. చవక యంత్రాలు డిస్కును మూడు నాలుగు పట్టీలుగా మాత్రమే చీలుస్తాయి. జర్మన్ ప్రమాణం డిన్ 66399 ప్రకారం ఓ-3 స్థాయిలో ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు, ఓ-4లో 30 చదరపు మిల్లీమీటర్లు దాటకూడదు. వైద్య సమాచారానికి ఓ-4 చూసుకోండి. ఒక్కో డిస్కు చొప్పునే వేయండి, రెండు కలిపి తోస్తే పళ్లు జామవుతాయి. హైదరాబాద్‌లోని అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థకు ఇస్తే డిస్కుల సంఖ్య, తేదీ, నాశనం చేసిన పద్ధతి రాసిన ధ్రువపత్రం తీసుకోండి. వీలైతే మీ మనిషి అక్కడ నిలబడి చూసేలా మాట్లాడుకోండి. తీసుకెళ్లేటప్పుడు సంచికి సీలు వేసి, డిస్కులు లెక్కపెట్టి ఆ సంఖ్యను రసీదు మీద రాయించుకోండి.